ఫ్లట్టర్ యాప్‌లో అన్నిచోట్లా ఫాంటు మారింది, బటన్‌ల మీద మాత్రం మారలేదు

తోతాపురి తోట (తిరుపతి)
మే 6, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. దామలచెరువు మామిడి మండీకి సరుకు తెచ్చే రైతులు తూకం చీటీలను ఫోన్‌లోనే నమోదు చేసుకునేందుకు వీలుగా ఒక చిన్న యాప్‌ను ఫ్లట్టర్ అనే యాప్ తయారీ పరికరంతో తయారు చేస్తున్నాను. జూన్‌లో తోతాపురి కోత మొదలయ్యేలోగా దీనిని మండీ యజమానికి అప్పగించాలి. ఆయనది శ్రీకాళహస్తి కావడంతో, ఆ ఊరి కవి పేరు పెట్టుకున్న ధూర్జటి ఫాంటునే యాప్ అంతటా వాడాలని పట్టుబట్టారు.

ఫాంటు ఫైలును ప్రాజెక్టులో ఉంచి, ప్రాజెక్టు వివరాలు ఉండే పబ్‌స్పెక్ ఫైలులో దాని పేరు చేర్చి, యాప్ మొత్తం రూపాన్ని నిర్ణయించే థీమ్‌డేటాలో ఫాంట్‌ఫ్యామిలీగా ఇచ్చాను. శీర్షికలు, జాబితాలు, రైతు పేరు రాసే గడులు అన్నీ ధూర్జటిలోనే వస్తున్నాయి. బటన్‌లపై ఉన్న "తూకం నమోదు", "లెక్క చూడండి", "చీటీ రద్దు" అన్న మూడు మాటలు మాత్రం ఫోన్‌లో ముందే ఉన్న ఫాంటులో కనిపిస్తున్నాయి. యాప్‌ను పూర్తిగా తీసివేసి మళ్లీ ఎక్కించినా మార్పు లేదు. ఫాంటు ఫైలులో లోపం ఉంటే మిగతా చోట్ల కూడా రాకూడదు కదా. బటన్‌కు వేరే నియమం ఏదైనా ఉందా?

కోనేటి గట్టు
మే 6, ఉదయం 9:15

ఫైలులో లోపం లేదు. మీ బటన్‌లకు అక్షరాల పరిమాణాన్ని విడిగా పెంచి ఉంటారని నా అనుమానం. బటన్ రూపాన్ని రాసే ఎలివేటెడ్ బటన్ స్టైల్‌ఫ్రమ్‌లో టెక్స్ట్‌స్టైల్ అన్న చోట ఏమి రాశారో చెప్పగలరా?

తోతాపురి తోట
మే 6, ఉదయం 9:32

అవునండీ. మండీలో వయసు మళ్లినవారు ఎక్కువగా ఉంటారని ఫాంట్‌సైజ్ 18 అని ఇచ్చాను. అంతకు మించి అందులో ఏమీ రాయలేదు.

కోనేటి గట్టు
మే 6, ఉదయం 10:05

చిక్కు అక్కడే ఉంది. తెర మీద మాటను చూపించే మామూలు టెక్స్ట్ విడ్జెట్‌కు మీరు కొత్త స్టైల్ ఇస్తే, అది పైనుంచి వచ్చే స్టైల్‌తో కలిసిపోతుంది. మీరు చెప్పని గుణాలన్నీ పాతవే మిగులుతాయి కనుక అక్కడ ఫాంటు పోదు. బటన్‌లో అలా జరగదు. బటన్ తన అక్షరాల రూపాన్ని థీమ్‌లోని లేబుల్‌లార్జ్ అనే స్టైల్ నుంచి తీసుకుంటుంది. స్టైల్‌ఫ్రమ్‌లో మీరు ఒక టెక్స్ట్‌స్టైల్ ఇచ్చిన మరుక్షణం ఆ లేబుల్‌లార్జ్ మొత్తం పక్కకు తప్పుకొని, మీరు ఇచ్చినది ఒక్కటే నిలుస్తుంది. అందులో పరిమాణం తప్ప ఫాంటు పేరు లేదు. పేరు లేనప్పుడు ఫోన్ తన దగ్గర ఉన్న ఫాంటుతో పని కానిస్తుంది.

ఫాంట్‌సైజ్ పక్కనే ఫాంట్‌ఫ్యామిలీ కూడా రాస్తే నేటికి పని జరుగుతుంది, కానీ రేపు యజమాని మనసు మారితే ప్రతి బటన్ దగ్గరకూ వెళ్లి మార్చవలసి వస్తుంది. అందుకని థీమ్‌లోని లేబుల్‌లార్జ్‌ను తీసుకొని, దానికి కాపీవిత్ ద్వారా పరిమాణం మాత్రమే మార్చి, ఆ ఫలితాన్ని ఎలివేటెడ్ బటన్ థీమ్‌లో ఒక్కచోట పెట్టండి. యాప్‌లోని ఎలివేటెడ్ బటన్‌లన్నీ అక్కడి నుంచే తీసుకుంటాయి.

పబ్‌స్పెక్‌లో మార్పు చేసినప్పుడు హాట్ రీలోడ్ (నడుస్తున్న యాప్‌లోకే మార్పును ఎక్కించడం) సరిపోదని, యాప్‌ను ఆపి మళ్లీ నడపాలని మీకు తెలిసే ఉంటుంది. నేను తొలి రోజుల్లో ఇది తెలియక ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను కనుక చెబుతున్నాను.

తోతాపురి తోట
మే 6, మధ్యాహ్నం 1:20

మీరు చెప్పినట్లు చేశాను, ధూర్జటి వచ్చింది, ధన్యవాదాలు. అయితే దానితో పాటు కొత్త చిక్కు వచ్చింది. నా ఫోన్‌లో అంతా బాగానే ఉంది గానీ, మా నాన్నగారి ఫోన్‌లో "చీటీ రద్దు" అన్న బటన్ "చీటీ రదు" అని చదువుకునేలా ఉంది. ద కింద ఉండవలసిన ఒత్తు సగానికి తెగిపోయింది. "లెక్క" కూడా "లెక" అయింది. ఊర్లు ఎంచుకునే తెరలో చిత్తూరు, పుత్తూరు, కుప్పం మూడింటికీ అదే గతి. ఆయన ఫోన్‌లో అక్షరాలను కాస్త పెద్దవిగా పెట్టుకున్నారు. డిజైన్ ప్రకారం బటన్ ఎత్తును 32గా బిగించాను, మూలలు గుండ్రంగా రావడానికి క్లిప్‌ఆర్‌రెక్ట్ వాడాను.

కోనేటి గట్టు
మే 6, మధ్యాహ్నం 2:10

లెక్క వేసి చూద్దాం. గూగుల్ డిజైన్ పద్ధతి అయిన మెటీరియల్ 3లో లేబుల్‌లార్జ్ అసలు పరిమాణం 14, దాని వరుస ఎత్తు 20. అంటే అక్షర పరిమాణానికి సుమారు 1.43 రెట్లు. మీరు పరిమాణాన్ని 18 చేశారు కనుక వరుస ఎత్తు సుమారు 25.7 అయింది. అది 32లో పడుతుంది, మీ ఫోన్‌లో బాగున్నది అందుకే. మీ నాన్నగారు అక్షరాలను 1.3 రెట్లు పెంచుకున్నారనుకోండి, వరుస ఎత్తు దాదాపు 33.5 అవుతుంది. మీరు ఇచ్చిన చోటు 32 మాత్రమే. ఫ్లట్టర్ వరుసను పైనుంచి గీసుకుంటూ వచ్చి, పట్టని భాగాన్ని కింద కత్తిరిస్తుంది. ఆంగ్లంలో కింద తెగితే పోయేది ఏదో ఒక అక్షరం తోక. తెలుగులో ఆ అడుగునే ఒక హల్లు కూర్చొని ఉంటుంది, తెగితే మాటే మారిపోతుంది.

కాబట్టి ఎత్తును బిగించవద్దు. మినిమమ్‌సైజ్‌లో కనీస ఎత్తు 48 అని ఇచ్చి, పైనా కిందా 8 చొప్పున ఎడం వదిలి, ఆపై బటన్‌ను దాని ఇష్టానికి పెరగనివ్వండి. వేలితో నొక్కే చోటు కనీసం 48 ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు, 44 ఉండాలని ఆపిల్ మార్గదర్శకాలు ఎటూ చెబుతున్నాయి. గుండ్రటి మూలలకు క్లిప్‌ఆర్‌రెక్ట్ అవసరం లేదు, బటన్ షేప్‌లోనే ఆ వీలు ఉంది. ఆండ్రాయిడ్ 14 నుంచి వాడుకరి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు. పరీక్షించేటప్పుడు ఆ చివరి గీత దాకా జరిపి చూడండి.

ఇంకొక మాట. ఫ్లట్టర్ మెటీరియల్ లైబ్రరీ లిపులను మూడు వర్గాలుగా విడదీస్తుంది. ఆంగ్లం వంటివి ఒకటి, చైనీస్, జపనీస్, కొరియన్ వంటి దట్టమైనవి ఒకటి, వరుసకు ఎక్కువ ఎత్తు కావలసిన పొడవు లిపులు ఒకటి. తెలుగు ఈ మూడో వర్గంలోది. యాప్ లొకేల్‌ను (భాష అమరికను) ఆంగ్లంగానే వదిలేసి మాటలు మాత్రం తెలుగులో రాసేవారు మనలో చాలామంది. లొకేల్‌ను కూడా తెలుగుకు మార్చండి.

నీవా ఒడ్డు (చిత్తూరు)
మే 6, రాత్రి 8:45

నేను యాప్‌లు తయారు చేసేవాడిని కాను. చిత్తూరులో ముప్పై ఏళ్లుగా అచ్చుపని చేస్తున్నాను, ఈ చర్చను మా అబ్బాయి చూపించాడు. ఒత్తు తెగిన సంగతి చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

కరపత్రం వేసేటప్పుడు మేము ముందుగా చూసుకునేది వరుసకు వరుసకు మధ్య ఎడం. పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడి మీద కూర్చుంటే రెండూ చెడతాయి. ఏ ఫాంటు కొత్తగా వచ్చినా "శ్రీకాళహస్తి", "స్త్రీ", "రాష్ట్రం" అని మూడు మాటలు వేసి చూస్తాను. గుడి మీద దీర్ఘం ఎంత పైకి పోతుందో, స కింద త, ఆపై క్రావడి వచ్చినప్పుడు అవి ఎంత కిందికి దిగుతాయో వీటితో తెలిసిపోతుంది. మీరు కూడా బటన్ ఎత్తును "తూకం నమోదు"తో కాక ఈ మాటలతో కొలవండి. "తూకం నమోదు"లో ఒక్క ఒత్తు కూడా లేదు, దానితో పరీక్షిస్తే ప్రతి బటన్ బాగున్నట్లే కనిపిస్తుంది.

ఫాంటు విషయంలో మాత్రం మీ యజమానితో నేను ఏకీభవించలేను. శీర్షికల కోసం గీసిన ఫాంటు దుకాణం పేరుకు అందంగా ఉంటుంది. కాటా దగ్గర ఎండలో నిలబడి, చేతికి మామిడి సొన అంటుకొని ఉన్న మనిషి రెండు క్షణాల్లో చదివి నొక్కవలసిన చోట ఆ అందం పనికిరాదు. పెళ్లి పత్రికలో వధూవరుల పేర్లకు వాడే అక్షరాలతో ముహూర్తం వేళ రాయము కదా.

కలంకారి గీత (శ్రీకాళహస్తి)
మే 6, రాత్రి 10:30

నీవా ఒడ్డు గారూ, మీ మాటలో న్యాయం ఉంది గానీ పూర్తిగా ఒప్పుకోలేను. యాప్ అంతటా ఒక ముఖం, బటన్‌పై మరొక ముఖం ఉంటే, బటన్ ఎక్కడి నుంచో తెచ్చి అతికించినట్లు ఉంటుంది. బటన్‌కు తగిన ఫాంటు కుటుంబాన్ని ముందు ఎంచుకొని, దానినే యాప్ అంతటికీ వాడటం నా పద్ధతి.

ధూర్జటితో అసలు ఇబ్బంది దాని అందం కాదు, దానిలో ఒకే బరువు (గీత మందం) ఉండటం. లేబుల్‌లార్జ్ 500 బరువును అడుగుతుంది. అది లేకపోతే ఉన్న 400 బరువుతో సర్దుకుంటుంది, అంతవరకు నష్టం లేదు. ఎవరైనా "చీటీ రద్దు" బటన్ గట్టిగా కనిపించాలని 700 అడిగారో, కుటుంబంలో ఆ బరువు ఫైలు లేదు కనుక ఉన్న గీతలనే యంత్రం లావు చేసి చూపిస్తుంది. ఆంగ్లంలో అది కొంత చెల్లుతుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలే కావడంతో లోపలి ఖాళీ పూడిపోయి, చిన్న పరిమాణంలో ప, వ, మ ఒకదానినొకటి పోలుతాయి.

అందుకని నిజంగా గీసిన బరువులు పలు ఉన్న కుటుంబాలను చూడండి. హింద్ గుంటూరులో 300 నుంచి 700 దాకా అయిదు బరువులు ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగులో 100 నుంచి 900 దాకా ఉన్నాయి. నాకు బటన్‌ల కోసం బాగా నచ్చినది అనెక్ తెలుగు. అందులో బరువుతో పాటు అక్షర వెడల్పును కూడా 75 నుంచి 125 దాకా మార్చుకోవచ్చు. "చెల్లింపు ధ్రువీకరించండి" వంటి పొడవాటి మాటను చిన్న ఫోన్‌లో ఒకే వరుసలో పట్టించాలంటే, పరిమాణం తగ్గించే బదులు వెడల్పును 85కు తేవడం ఎంతో మేలు. ధూర్జటిని యాప్ తెరుచుకునేటప్పుడు వచ్చే మండీ పేరుకు ఉంచండి, యజమాని కోరికా తీరుతుంది.

ఎండ ప్రస్తావన వచ్చింది కనుక, అక్షరానికీ బటన్ రంగుకూ మధ్య వ్యత్యాసం 4.5కు 1 కంటే తగ్గకూడదని వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు చెబుతాయి. మామిడిపండు పసుపు మీద తెల్ల అక్షరాలు ఆ కొలతకు దరిదాపుల్లో ఉండవు. మీరు ఆ రంగులే వాడి ఉంటారని నా ఊహ.

తోతాపురి తోట
మే 7, ఉదయం 6:50

గీత గారూ, మీ ఊహ నిజమే, పసుపు మీద తెలుపే వాడాను. ఈ రోజే మారుస్తాను.

అనెక్ తెలుగు నమూనాను రాత్రి యజమానికి పంపాను. దానికి ఆయన, అయితే మండీ ముందున్న బోర్డు మీది అక్షరాలే బటన్‌లకూ పెట్టమన్నారు. బోర్డు రాసిన ఫ్లెక్సీ దుకాణంలో అడిగితే అది అను ఫాంటు అని చెప్పి, ఫైలు కూడా ఇచ్చారు. దానిని చేర్చి చూస్తే బటన్‌పై మళ్లీ ఫోన్ ఫాంటే వస్తోంది. ఇది కుదరకపోతే నా కంప్యూటరులో విండోస్‌తో పాటు వచ్చిన గౌతమి ఉంది, దానిని వాడవచ్చా?

నీవా ఒడ్డు (చిత్తూరు)
మే 7, ఉదయం 8:20

ఇది నా రాజ్యం కనుక నేను చెబుతాను. అను ఫాంట్లు, ప్రతి భాష అక్షరానికీ ఒక సొంత స్థానం ఇచ్చే యూనికోడ్‌కు ముందరి పద్ధతిలోవి. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలను ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టారు. తలకట్టు ఒక స్థానం, ఒత్తు ఒక స్థానం, గుడి ఒక స్థానం. మేము టైపు చేసినప్పుడు తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ, లోపల దాగి ఉండేది ఆంగ్ల అక్షరాల గజిబిజే. మీ యాప్‌లోని "లెక్క" యూనికోడ్ తెలుగు. ఆ స్థానాల్లో అను ఫాంటులో ఏమీ లేదు కనుక ఫోన్ తన సొంత ఫాంటును తెచ్చుకుంటోంది.

బటన్‌లోని మాటనే అను సంకేతాల్లోకి మార్చి పెడితే కంటికి తెలుగు కనిపిస్తుంది. కానీ చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపించేది ఆ గజిబిజినే. ఫాంటు ఎక్కడైనా ఎక్కకపోతే అందరికీ కనిపించేదీ అదే. అచ్చుకు మాత్రం నేను ఇప్పటికీ అందులోనే పని చేస్తాను, నా చేతి వేళ్లకు అదే అలవాటు.

కోనేటి గట్టు
మే 7, ఉదయం 9:00

గౌతమి వద్దు. విండోస్‌తో వచ్చే ఫాంట్లను తీసి మన యాప్‌లో చేర్చి పంచడానికి ఆ లైసెన్సు ఒప్పుకోదు. ధూర్జటి, అనెక్ తెలుగు, హింద్ గుంటూరు, నోటో అన్నీ ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. యాప్‌లో చేర్చవచ్చు, యాప్‌ను అమ్ముకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. లైసెన్సు పాఠం యాప్‌లో ఉండాలి. ఫ్లట్టర్‌లో లైసెన్స్‌రిజిస్ట్రీకి ఆ పాఠాన్ని ఇస్తే లైసెన్సుల పేజీలో దానంతట అదే కనిపిస్తుంది.

ఘాట్ రోడ్డు మలుపు
మే 7, మధ్యాహ్నం 12:15

ఫ్లట్టర్ కాని వారు కూడా ఈ చర్చ చదువుతారు కనుక, నేరుగా ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పనిచేసేవారికి ఇదే చిక్కు ఎలా వస్తుందో చెబుతాను.

ఆండ్రాయిడ్‌లో ఫాంటును రెస్ కింద ఫాంట్ అనే ఫోల్డరులో ఉంచే పద్ధతి 2017లో ఆండ్రాయిడ్ 8.0తో వచ్చింది. ఫైలు పేరులో చిన్న అక్షరాలు, అంకెలు, అడుగు గీత తప్ప మరేమీ ఉండకూడదు. గూగుల్ ఫాంట్స్ నుంచి దించిన ఫైలు పేరులో పెద్ద అక్షరాలు, అడ్డగీత ఉంటాయి కనుక తొలి అడుగులోనే బిల్డ్ ఆగిపోతుంది. థీమ్‌లో టెక్స్ట్‌వ్యూ స్టైల్‌కు ఫాంటు ఇచ్చి, బటన్‌కు రాలేదని వాపోయేవారు ఇక్కడా ఉన్నారు. మెటీరియల్ బటన్ దానిని చూడదు, మెటీరియల్ 2లో టెక్స్ట్‌అప్పియరెన్స్‌బటన్‌ను, మెటీరియల్ 3లో లేబుల్‌లార్జ్‌ను చూస్తుంది. దానిలో అక్షరాల మధ్య అదనపు ఎడం కూడా ఉంటుంది. అది ఆంగ్ల అక్షరాల కోసం పెట్టిన ఎడం, తెలుగులో మాట విడివిడిగా చెదిరినట్లు అవుతుంది కనుక సున్నా చేయండి.

ఫాంటును చేర్చకుండా ఫోన్ తెలుగునే నమ్ముకునేవారికి ఒక శుభవార్త ఉంది. ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్ అనే గుణం ఎప్పటి నుంచో ఉన్నా, దానిని ఎవరికి వారు ఆన్ చేసుకోవలసి వచ్చేది. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లలో అది దానంతట అదే ఆన్‌లో ఉంటుంది. ఇరుకు ఎత్తులో కుదించిన తెలుగుకు బదులు నిండు ఎత్తు తెలుగు వస్తుంది. శుభవార్త అంటూనే హెచ్చరిస్తున్నాను, ఎత్తు బిగించిన పాత బటన్‌లు ఆ రోజున బయటపడతాయి.

ఐఫోన్‌లో ఫైలు పేరు కాక, ఫాంటు లోపల రాసి ఉన్న పోస్ట్‌స్క్రిప్ట్ పేరును ఇవ్వాలి. ఫైలును ఇన్‌ఫో పీలిస్ట్‌లో యూఐఆప్‌ఫాంట్స్ కింద నమోదు చేయడం మరవకూడదు. ఐఓఎస్ 15లో బటన్ కాన్ఫిగరేషన్ వచ్చాక, టైటిల్‌లేబుల్‌కు ఫాంటు ఇస్తే కాన్ఫిగరేషన్ దానిని తుడిచేస్తుంది. టైటిల్ టెక్స్ట్ ఆట్రిబ్యూట్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇస్తేనే నిలుస్తుంది. రియాక్ట్ నేటివ్ అనే మరో పరికరంతో యాప్‌లు కట్టేవారికి ఒక్క మాట చాలు. అందులోని బటన్ ఫాంటును అసలు తీసుకోదు, ప్రెసబుల్ లోపల టెక్స్ట్ పెట్టి మీ బటన్‌ను మీరే కట్టుకోండి.

రేణిగుంట జంక్షన్
మే 7, సాయంత్రం 5:40

పైవారు చెప్పని ఒక గుంట ఉంది, నేను అందులో పడి లేచాను కనుక రాస్తున్నాను. యాప్ పరిమాణం తగ్గించాలని, నా బటన్‌లలో ఉన్న అక్షరాలు తప్ప మిగతావి తీసివేయమని ఆన్‌లైన్‌లో దొరికిన ఒక పరికరానికి ఫాంటును అప్పగించాను. ఫైలు బాగా చిన్నదైంది. బటన్‌పై "శ్రీ" బదులు శ, పొల్లు, రీ వేరువేరుగా నిలబడ్డాయి. ఒత్తులకు యూనికోడ్‌లో విడి స్థానం లేదు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా వచ్చినప్పుడు ఏ ఆకారం గీయాలో ఫాంటు లోపలి జీసబ్ పట్టిక చెబుతుంది. ఆ పరికరం పట్టికను కోసేసింది. తరువాత ఫాంట్లను కత్తిరించే పైఎఫ్‌టీసబ్‌సెట్ అనే పరికరం వాడి, లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని చెప్పి కత్తిరిస్తే సరిగా వచ్చింది. ఒక్క తెలుగు ఫాంటే అయితే మాత్రం ఈ కత్తిరింపు జోలికి పోవద్దని నా సలహా.

తోతాపురి తోట
మే 9, రాత్రి 9:10

ఈ రోజు యాప్‌ను మండీకి తీసుకువెళ్లి కాటా దగ్గర ఇద్దరు ముగ్గురి చేత నొక్కించి చూశాను. బటన్‌లకు అనెక్ తెలుగు, బరువు 600, వెడల్పు 90. ముదురు ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. కనీస ఎత్తు 48, పైన హద్దు లేదు. అక్షరాలను 200 శాతానికి పెంచినప్పుడు "చెల్లింపు ధ్రువీకరించండి" రెండు వరుసలు అయింది గానీ ఏ ఒత్తూ తెగలేదు. "శ్రీకాళహస్తి" కూడా నిలిచింది. తెర తెరుచుకోగానే మండీ పేరు ధూర్జటిలో వస్తుంది, యజమాని దానిని రెండుసార్లు మూసి తెరిచి చూసుకున్నారు.

ఒక్క చిన్న వంకర మిగిలింది. పాత నమూనాలో ధూర్జటితోనే ఉంచిన "₹ చెల్లించండి" బటన్‌లో రూపాయి గుర్తు పక్క అక్షరాలకు పొంతన లేకుండా సన్నగా, కాస్త పైకి ఉంది.

కోనేటి గట్టు
మే 9, రాత్రి 9:40

ఆ గుర్తు ఫాంటులో లేకపోతే వేరే ఫాంటు నుంచి వస్తుంది, అందుకే పొంతన ఉండదు. రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి వచ్చిందే 2010లో. ఫాంట్‌ఫ్యామిలీఫాల్‌బ్యాక్‌లో అనెక్ తెలుగును రెండో పేరుగా ఇవ్వండి. లేదా ఆ బటన్‌ను కూడా అనెక్‌కే మార్చండి.

తోతాపురి తోట
మే 9, రాత్రి 9:55

అదీ ప్రయత్నిస్తాను. ఈలోగా ఆ బటన్ మీద గుర్తు తీసివేసి "రూ" అని రాశాను.

నీవా ఒడ్డు (చిత్తూరు)
మే 9, రాత్రి 10:05

రూ పక్కన చుక్క పెట్టారా?

తోతాపురి తోట
మే 9, రాత్రి 10:07

ఇప్పుడు పెట్టాను.